కష్టపు ఈత: ఒక రాత్రి బాధ, 17 నెలల లెక్క



పాడి పశువు ఈనే రోజు ఆ ఇంటిల్లిపాదికీ పండుగ వంటిది. నెలల తరబడి వట్టిపోయి మేత మేసిన పశువు ఆనాటి నుండి మళ్ళీ పాలిస్తుంది. మందగించిన వాయిదాలు మళ్ళీ కదులుతాయి. అదే రోజున ఈత కష్టమైతే ఏమి జరుగుతుంది? దూడ అడ్డం తిరిగిందనీ, మాయ పడలేదనీ, వైద్యానికి రెండు మూడు వేలు అయిందనీ నాలుగు రోజులు చెప్పుకొంటాం. పశువు బ్రతికింది కదా, గండం గడిచిందని ఊరట చెందుతాం. నిజానికి గండం గడిచినా నష్టం గడిచిపోదు. అది ఆ తర్వాతి నెలల్లో కొద్దికొద్దిగా పాల కేంద్రం చీటీలలోను, బ్యాంకు వాయిదాల పుస్తకంలోను బయటపడుతుంది. ఆ నష్టం ఎంత, ఎక్కడెక్కడ దాగి ఉంటుంది, దానిని ఏ వేళలో ఆపగలం అన్నదే ఈ పాఠం.

ఒక గేదె నాకు నేర్పినది

కొన్నేళ్ళ క్రితం మా శాఖ పరిధిలోని ఒక గ్రామానికి వాయిదా బాకీ నోటీసు పట్టుకొని వెళ్ళాను. అప్పు తీసుకొన్నది ఒక మహిళా రైతు. అంతకు ముందు ఒక్క వాయిదా కూడా తప్పని ఖాతా ఆమెది. పాకలో గేదె నిక్షేపంగా నెమరు వేస్తూ ఉన్నది. అది చూసి నాకు కోపం వచ్చింది. "పశువు కళ్ళ ముందే ఉన్నది కదమ్మా, వాయిదా ఎందుకు కట్టలేదు?" అని అడిగాను.

ఆమె లోపలికి వెళ్ళి, తీగకు గుచ్చిన పాల చీటీల కట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. "గేదె ఉంది సారూ, పాలే లేవు. ఈనేటప్పుడు దూడ పోయింది. అప్పటి నుంచి సరిగా చేపడం లేదు, ఎదకూ రావడం లేదు" అన్నది.

జరిగినది ఇది. సాయంత్రం ఉమ్మనీటి బుడగ పగిలింది. రాత్రి వేళ డాక్టరును ఎక్కడ వెదుకుతామని తెల్లవారే వరకు ఆగారు. తెల్లవారిన తర్వాత ఇరుగుపొరుగు వారు నలుగురు చేరి దూడ కాళ్ళకు తాడు కట్టి లాగారు. చచ్చిన దూడ వచ్చింది. వేలాడుతున్న మాయను కూడా చేతితోనే లాగివేశారు. వారం తిరిగేసరికి చెడు వాసనతో చీము మొదలైంది. ఆ గేదె మళ్ళీ చూడి నిలవడానికి ఈనిన నాటి నుండి 8 నెలలు పట్టింది.

నోటీసును సంచిలో పెట్టుకొని, దాని వెనుక వైపున ఆ చీటీల లెక్క వేసి చూశాను. ఆమె వాయిదా ఎగవేయలేదు, ఆ వాయిదా ఈనిన రాత్రే పోయింది. నాటి నుండి ఏ పాడి రుణం ఇచ్చినా ఈత గురించి మాట్లాడకుండా నేను సంతకం తీసుకోలేదు.

బ్యాంకు లెక్క దేనిపై నిలిచి ఉన్నది?

పాడి రుణానికి వాయిదాలు నిర్ణయించేటప్పుడు బ్యాంకు రెండు విషయాలను నమ్ముకొంటుంది. మొదటిది, పశువు ఈనిన నాటి నుండి అనుకొన్నన్ని పాలు ఇస్తుంది. రెండవది, అది సకాలంలో తిరిగి చూడి కట్టి మళ్ళీ ఈనుతుంది. గేదెకు ఈతకూ ఈతకూ మధ్య 14 నెలలు పడితే మంచి లెక్కగానే భావించాలి. కష్టపు ఈత ఈ రెండు నమ్మకాలనూ ఒకే రాత్రిలో దెబ్బ తీస్తుంది.

రెండు పశువుల యూనిట్‌కు రెండవ పశువును 5, 6 నెలల తర్వాత కొనమని మేము చెప్పడానికి కారణం కూడా ఇదే. ఒకటి వట్టిపోయినప్పుడు మరొకటి పాలిస్తూ వాయిదా కడుతుంది. రెండవ ఈత లేదా మూడవ ఈత పశువునే, అదీ ఈని నెల దాటని దానిని దూడతో సహా కొనమనడంలోనూ అర్థమున్నది. తొలిచూలులో ఈత కష్టమయ్యే అవకాశం ఎక్కువ. రెండు మూడు సార్లు సుఖంగా ఈనిన పశువు ఆ పరీక్షలో నెగ్గినట్లే.

ఒక గేదె లెక్క

మీకు తేలికగా అర్థం కావడానికి ఒక గేదెను తీసుకొందాం. ఇవి ఉదాహరణకు వేసుకొన్న అంకెలు. మీ ఊరి ధరలకు తగినట్లు మార్చుకోండి.

గేదెపై బ్యాంకు అప్పు 72,000 రూపాయలు. తిరిగి చెల్లించే గడువు 60 నెలలు. నెలకు అసలు 1,200 రూపాయలు. వడ్డీ 9 శాతం.

పాలిచ్చే రోజులు 270, వట్టి రోజులు 150, మొత్తం 420 రోజులు అంటే 14 నెలలు.
సగటున రోజుకు 7 లీటర్లు, లీటరు 55 రూపాయల చొప్పున రోజు రాబడి 385 రూపాయలు.
పాల రోజున మేత, దాణా ఖర్చు 220 రూపాయలు. మిగులు 165 రూపాయలు.
270 పాల రోజుల మిగులు 44,550 రూపాయలు.
వట్టి రోజున మేపు ఖర్చు 110 రూపాయలు. 150 రోజులకు 16,500 రూపాయలు.
14 నెలలకు చేతిలో మిగిలేది 28,050 రూపాయలు.

ఈ 14 నెలలకు అసలు, వడ్డీ కలిపి కట్టవలసినది సుమారు 23,500 రూపాయలు. వాయిదాలు పోగా నాలుగున్నర వేలు, ఒక దూడ, ఎరువు మిగులుతాయి. ఇంటివారి కష్టానికి ఇందులో కూలి కట్టలేదు. పాడి లెక్క ఎంత పలుచనిదో దీనిని బట్టి గ్రహించగలరు.

ఇప్పుడు అదే గేదెకు ఈత కష్టమైనదనుకొందాం.

వైద్యం, మందులు, రానుపోను ఖర్చు 3,000 రూపాయలు.
మందులు వాడినందువల్ల జున్నుపాల రోజుల తర్వాత మరో 5 రోజుల పాలు అమ్మడానికి పనికిరావు. రోజుకు 8 లీటర్ల చొప్పున 40 లీటర్లకు 2,200 రూపాయలు.
మొదటి 100 రోజులు రోజుకు 2 లీటర్లు తగ్గితే 200 లీటర్లకు 11,000 రూపాయలు.
చూడి నిలవడం 90 రోజులు ఆలస్యమైతే, అన్ని రోజులూ వట్టి మేపు 9,900 రూపాయలు.
మొత్తం నష్టం 26,100 రూపాయలు.

ముందు చెప్పిన 28,050 రూపాయలలో ఇది తీసివేస్తే మిగిలేది 1,950 రూపాయలు మాత్రమే. అది కూడా 14 నెలలకు కాదు, 17 నెలలకు. ఈ 17 నెలలలో బ్యాంకుకు కట్టవలసినది సుమారు 28,400 రూపాయలు. చనిపోయిన దూడ విలువను ఇందులో చేర్చనే లేదు. అది పెయ్యదూడ అయితే మూడు నాలుగేళ్ళలో అప్పు లేకుండా మీ పాకలో నిలిచే మరొక గేదె పోయినట్లు.

ఒక్క విషయం గమనించండి. మనకు ఎక్కువ బాధ కలిగించే వైద్యం ఖర్చు ఈ నష్టంలో తొమ్మిదో వంతు కన్న కొంచెం ఎక్కువ. మిగిలినదంతా పాలు తగ్గడం వలన, రోజులు వృథా కావడం వలన వచ్చినదే. మూడు వేలకు వెనుకాడి తెల్లవారే వరకు ఆగితే, ఆ ఆలస్యం మిగిలిన ఇరవై మూడు వేల పైచిలుకును తీసుకుపోతుంది.

నష్టం ఎలా పుడుతుంది?

గంటల తరబడి నొప్పులు పడిన పశువు నీరసించి మేత మానుతుంది. ఈనిన తొలి వారాలలోనే పాలు పెరగాలి. ఆ వారాలలో తినని పశువు ఆ ఈతలో ఎన్నడూ పూర్తి పాలకు రాదు.

గేదె విషయంలో మరొక చిక్కు ఉన్నది. దూడ లేని గేదె సులభంగా పాలు చేపదు. అప్పుడు కొందరు పూట పూటకూ చేపు సూదులు వేస్తారు. పాలు పిండుకోవడానికి ఆ సూదులు వాడటం చట్టరీత్యా నేరం. ఓపికగా పొదుగు నిమరడం, పిండే వేళ దాణా పెట్టడం, రోజూ ఒకే మనిషి ఒకే వేళకు పిండటం ద్వారా అలవాటు చేయాలి.

దూడను మోటుగా లాగినప్పుడు గర్భసంచికి, యోని మార్గానికి గాయాలవుతాయి. మురికి చేతుల వలన, నిలిచిపోయిన మాయ వలన గర్భసంచిలో చీము పడుతుంది. చీము ఉన్న గర్భసంచి శుభ్రపడే వరకు పశువు చూడి నిలవదు. 90 రోజుల ఆలస్యం ఇక్కడే మొదలవుతుంది.

ఈత ఎందుకు కష్టమవుతుంది?

కారణాలు కొన్ని దూడ వైపు, కొన్ని తల్లి వైపు ఉంటాయి. ఇందులో చాలా వాటిని ముందుగా నివారించవచ్చు.

1. చిన్న తల్లి, పెద్ద దూడ: చిన్న ఆవుకు భారీ జాతి వీర్యం వేయిస్తే దూడ పెద్దదై కటి ఎముకల మధ్య ఇరుక్కుంటుంది. మీటరు ఎత్తు కూడా ఉండని పుంగనూరు ఆవుకు హోల్‌స్టీన్ సూది వేయించడం కోరి తెచ్చుకొన్న ప్రమాదం. చిన్న నాటు ఆవులకు, తొలిచూలు పెయ్యలకు సంకరం చేయించదలిస్తే జెర్సీ వంటి చిన్న జాతిని అడగండి. ఆడదూడలే పుట్టేలా వేరు చేసిన వీర్యం కూడా ఇప్పుడు దొరుకుతున్నది. ఆడదూడ సాధారణంగా మగదూడ కన్న కొంత తేలికగా ఉంటుంది.

2. తొందరపడి కట్టించడం: ఎదకు వచ్చిందని మాత్రమే చూసి పెయ్యకు సూది వేయించరాదు. పెద్దయ్యాక ఉండే బరువులో 60 నుండి 65 శాతానికి అది చేరాలి. పెద్దయ్యాక 400 కిలోలు తూగే సంకరజాతి అయితే 240 నుండి 260 కిలోలు ఉండాలి. కాటా లేకపోయినా టేపుతో అంచనా వేయవచ్చు. ముందు కాళ్ళ వెనుక ఛాతీ చుట్టుకొలతను, భుజం మొన నుండి పిరుదు ఎముక మొన వరకు పొడవును అంగుళాలలో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చించి, పొడవుతో మళ్ళీ హెచ్చించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 58, పొడవు 49 అంగుళాలైతే బరువు సుమారు 250 కిలోలు.

3. మేపులో లోపం: చూడి పశువును ఎండగట్టినా, కొవ్వు పట్టేటట్లు మేపినా ఈత కష్టమవుతుంది. ఈనడానికి 60 రోజుల ముందు పాలు పిండటం ఆపి, పచ్చిమేత, మితంగా దాణా, ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వాలి. రోజూ కొంత నడిపించాలి.

4. దూడ భంగిమ: మామూలుగా రెండు ముందు గిట్టలు, వాటిపై ముట్టె ఆనించిన తల ముందుగా రావాలి. ఒక కాలు మడతపడినా, మెడ పక్కకు తిరిగినా దూడ కదలదు. దీనిని ముందుగా నివారించలేము, సకాలంలో గుర్తించగలం.

5. గర్భసంచి మెలిక పడటం: గేదెలలో ఇది ముఖ్యమైన కారణం. నిండు చూడితో జారిపడటం, దొర్లడం వలన ఇది రావచ్చు. గేదె లేస్తూ పడుకొంటూ అవస్థపడుతుంది, నొప్పులు వస్తాయి, కానీ నీటి బుడగ మాత్రం కనిపించదు. "ఇంకా టైము కాలేదు" అని ఇంటివారు పొరబడేది ఇక్కడే. పశువైద్యుడు గేదెను పడుకోబెట్టి, డొక్కపై పలక ఆనించి, పద్ధతి ప్రకారం దొర్లించి మెలిక విప్పుతారు. గంటలు గడిచే కొద్దీ ఆ అవకాశం సన్నగిల్లుతుంది.

లెక్క నిలబడే రెండు గంటలు

సూది వేయించిన తేదీని పాక గోడపై సుద్దతో వ్రాసి ఉంచండి. ఆవుకు సుమారు 280 రోజులు, గేదెకు సుమారు 310 రోజులు లెక్కించి ఈనే వారాన్ని గుర్తు పెట్టుకోండి. ఆ వారంలో రాత్రి కాపలా ఉండాలి. స్థానిక పశువైద్యాధికారి ఫోను నంబరు ఆ తేదీ పక్కనే వ్రాయండి. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరుకు ఫోను చేయవచ్చు. ఆ వాహనం మీ మండలంలో ఏ వేళల్లో తిరుగుతుందో ముందుగానే తెలుసుకొని, రాత్రి వేళకు వేరే ఏర్పాటు చేసుకోండి.

ఈ క్రింది వాటిలో ఏది కనిపించినా వెంటనే కబురు చేయాలి.

నీటి బుడగ పగిలిన గంట వరకు దూడ ముందుకు రాకపోతే. ఏ పరిస్థితిలోనూ రెండు గంటలు దాటనీయరాదు.
నొప్పులు మొదలై 6 గంటలైనా నీటి బుడగ కనిపించకపోతే.
ఒక గిట్ట మాత్రమే వచ్చినా, గిట్టలు లేకుండా తల వచ్చినా, తోక మాత్రమే కనిపించినా.
గిట్టల అరికాళ్ళు పైకి తిరిగి ఉంటే. అవి సాధారణంగా వెనుక కాళ్ళు.
ఈనిన 12 గంటల తర్వాత కూడా మాయ పడకపోతే.

డాక్టరు వచ్చే లోపల చేయరాని పనులు కూడా తెలుసుకోండి. ఇద్దరి బలానికి మించి, ట్రాక్టరుతోనో ఎద్దులతోనో దూడను లాగరాదు. నొప్పులు పెంచే సూదిని తెలిసీ తెలియనివారి చేత వేయించరాదు. మెలిక ఉన్నప్పుడు ఆ సూది వేస్తే గర్భసంచి చినిగిపోవచ్చు. వేలాడే మాయకు ఇటుక రాయి, చెప్పు వంటి బరువులు కట్టరాదు, చేతితో లాగరాదు. పశువును శుభ్రమైన పొడి చోట ఉంచి, త్రాగడానికి నీళ్ళు పెట్టి, గుంపును దూరంగా పంపండి.

వ్యాపారులకు ఒక మాట

సంతలో నిండు చూడి పశువుకు మంచి ధర పలుకుతుందన్నది నిజమే. కానీ ఆఖరి నెలలో లారీలో కుదుపుల మధ్య దూర ప్రయాణం చేసిన పశువుకు ఏమి జరిగినా ఆ మాట మీ పేరుతోనే ఊరూరా తిరుగుతుంది. సాధ్యమైనంత వరకు ఈనిన పశువునే దూడతో అమ్మండి. చూడి పశువును అమ్మవలసి వస్తే ఏ జాతి వీర్యం వేశారో, ఎప్పుడు వేశారో, గత ఈతలు ఎలా జరిగాయో ఒక చీటీపై వ్రాసి ఇవ్వండి. గత ఈతలో కష్టపడిన సంగతి దాచి అమ్మితే కొన్న రైతు వాయిదా తప్పుతాడు, మళ్ళీ కొనడానికి మీ వద్దకు రాడు. దాణా, మందుల దుకాణదారులు కూడా డాక్టరు చీటీ లేకుండా నొప్పుల సూదులు అమ్మరాదు.

బీమా, బ్యాంకు

పశువు చనిపోతే బీమా పరిహారం వస్తుంది. బ్రతికి ఉండి పాలు తగ్గితే, చూడి నిలవడం ఆలస్యమైతే సాధారణ పాలసీ ఏమీ ఇవ్వదు. పై లెక్కలోని 26,100 రూపాయలలో ఒక్క రూపాయి కూడా బీమాలో తిరిగి రాదన్నమాట. పశువు శాశ్వతంగా పాడికి పనికిరాకుండా పోయినప్పుడు పరిహారమిచ్చే అదనపు రక్షణ కొన్ని పాలసీలలో ఉంటుంది. మీ పాలసీలో అది ఉన్నదో లేదో చదివించుకోండి. దురదృష్టవశాత్తు ఈతలో పశువు చనిపోతే, పూడ్చకముందే బీమా సంస్థకు, బ్యాంకుకు తెలియజేయండి. పశువైద్యాధికారి ధ్రువపత్రం, చెవిపోగు లేనిదే పరిహారం రాదు.

ఆ రాత్రికి కావలసిన మూడు వేల కోసం అధిక వడ్డీకి చేబదులు తేవలసిన పని లేదు. కిసాన్ క్రెడిట్ కార్డు సదుపాయం 2019 నుండి పశుపోషకులకు కూడా వర్తిస్తున్నది. మేత, దాణా, వైద్యం వంటి ఖర్చులకు ఆ పరిమితి నుండి తీసుకోవచ్చు. ఈనే నెలకు ముందే దానిని సిద్ధం చేసుకోండి.

అన్నిటికన్న ముఖ్యమైనది, ఈత కష్టమైన వారంలోనే మీ శాఖకు చెప్పండి. పశువైద్యాధికారి చికిత్స చీటీ, పాల కేంద్రం చీటీలు తీసుకొని రండి. వాయిదా గడువు దాటక ముందు చెబితే, నిబంధనలకు లోబడి వాయిదాలను సర్దే విషయం మేనేజరు పరిశీలించగలరు. నేను చెప్పిన రైతు ఖాతాను కూడా అలాగే సర్దాము. ఆమె ఆ చీటీల కట్టతో మూడు నెలల ముందే వచ్చి ఉంటే నోటీసు వ్రాయవలసిన అవసరమే ఉండేది కాదు. ఆ మూడు నెలలలో ఒక్కసారైనా ఆ పాక వైపు వెళ్ళకపోవడం నా తప్పు కూడా.

మీ లెక్క మీరే వేసి చూడండి

ఒక కాగితం తీసుకొని ఈ అంకెలు వ్రాయండి. మీ పశువు పాల రోజున మిగులు ఎంత? వట్టి రోజున ఖర్చు ఎంత? గత రెండు ఈతల మధ్య ఎన్ని నెలలు పట్టింది? వట్టి రోజు ఖర్చును 90తో హెచ్చించండి. వచ్చిన అంకెను మీ నెల వాయిదాతో పోల్చి చూడండి. అన్ని వాయిదాల డబ్బు ఆలస్యం అనే ఒక్క పద్దు క్రిందే పోగలదని మీకే తెలుస్తుంది.

ఆ కాగితాన్ని సూది వేయించిన తేదీ పక్కనే పాక గోడకు అంటించండి. అర్ధరాత్రి నీటి బుడగ పగిలినప్పుడు, డాక్టరును పిలవాలా, తెల్లవారే వరకు ఆగుదామా అన్న సందేహం వస్తే ఆ అంకెను ఒకసారి చూసి ఫోను చేయండి.